త్యాగగోడ నీడ

ఢామ్మన్న శబ్దానికి ఆఫీసర్ల క్యాంటీన్‌లో ఎవరూ తల ఎత్తలేదు. సాంబారు గిన్నెలు గలగలమన్నాయి, అంతే. విశాఖకు ఉత్తరాన ఉన్న ఆ ఉదజని ఇంధన కర్మాగారంలో పేలుడంటే ఇప్పుడు ఉరుము ఉరిమినంత మామూలు. బల్లిని చూసి కుర్చీ ఎక్కేవాళ్లు కూడా దానికి భయపడటం మానేశారు.

ఆ ధైర్యమంతా ఇంజనీరు కుందన పెట్టిన భిక్ష. పేలుడు ఒత్తిడి రెప్పపాటులో వచ్చిపడుతుంది. స్తంభానికి వంగే వ్యవధి కూడా ఇవ్వకుండా మొదలు దగ్గరే తెగ్గొడుతుంది. స్తంభం తెగితే పైకప్పంతా మనుషుల మీదే. అందుకని ఆమె ప్రతి యంత్రశాలకూ ఒకవైపు త్యాగగోడ నిలబెట్టింది. అందులో అల్లిన స్పర్శతంతువులు ఒత్తిడిని పసిగట్టగానే బిగింపులు వదిలేస్తాయి. గోడ బయటికి పడిపోతుంది, ఒత్తిడి ఆ దారిన పోతుంది, స్తంభాలు బతికిపోతాయి. గోడ పడేచోట ఏ అడ్డూ ఉండకూడదని అక్కడి వేపచెట్లన్నీ కొట్టించి, చుట్టూ పసుపు గీత గీయించింది. సెలవురోజు ఉదయాల్లో ఉత్తుత్తి పేలుళ్లతో పరీక్షించిన ప్రతిసారీ గోడ బుద్ధిగా పడింది.

ఇవాళ సెలవు కాదు. కుందన ముద్ద వదిలేసి లేచింది. శబ్దం వచ్చిన మూడో శాలలో ఆమె తమ్ముడు తారకేశ్ పనిచేస్తున్నాడు. ఎంగిలి చేత్తోనే మిట్టమధ్యాహ్నపు ఎండలో పరుగెత్తింది.

పొగలోంచి ముందు స్తంభాలు కనిపించాయి. నడుము దగ్గర వంగాయిగానీ ఒక్కటీ తెగలేదు. వాటి మధ్యనుంచి మసి మొహాలతో మనుషులు నడిచొస్తున్నారు. చివర తారకేశ్. కుందనకు ప్రాణం లేచొచ్చింది.

“అందరం ఉన్నామక్కా! నీ గోడే కాసింది!” అంటూ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. అంతలోనే చుట్టూ చూశాడు. “మృదుల ఏదక్కా?”

“నీ పెళ్లాం ఇక్కడెందుకుంటుందిరా?”

“రోజూ కేరేజీ తెస్తాది కదా. చెట్లు కొట్టేశాక ఇంకెక్కడ నీడుందేటి? ఆడోళ్లందరూ గోడ కిందే కూకుంటారు. వాచ్‌మన్ తిట్టినా...”

తారకేశ్ గోడ పడిన వైపు పరుగెత్తాడు. కుందన వెనకే వెళ్లింది. నీడ సంగతి ఆమె ఏనాడూ ఆలోచించలేదు.

పసుపు గీత లోపల గోడ ఒక్క పగులైనా లేకుండా, ఆమె గీసి ఇచ్చినట్టే పడి ఉంది. దాని అంచు కిందనుంచి పప్పుచారు గీత దాకా పారుతోంది.

తారకేశ్ అప్పటికే మోకాళ్ల మీద కూలబడి అంచు కింద వేళ్లు దూర్చాడు.

“పట్టక్కా! నువ్వో చెయ్యెయ్యి, లేస్తాది!”

ఆ గోడ బరువెంతో కుందనకు తెలుసు. అయినా వంగి, పట్టింది.