జ్వరం నడిపిన పెట్టె

చాప మీద పిల్ల అటూ ఇటూ కదిలినప్పుడల్లా గూట్లో బల్బు కాస్త తగ్గి మళ్లీ వెలుగుతోంది. పట్టపగలే, అయినా వాన మబ్బుకి ఇల్లంతా చీకటి. డాక్టర్ సుభాషిణి చేతిలోని మీటరు చూసుకుని, "ఇంత కరెంటు మా ల్యాబ్‌లో కూడా రాలేదు" అంది. అన్నాక నాలిక కరుచుకుంది. పిల్ల తల్లి చిన్నాలమ్మ పక్కనే ఉంది.

"ఒళ్లు కాలిపోతంది గదా మేడమ్. అందుకే గావాల" అంది చిన్నాలమ్మ.

తుమ్మెదగెడ్డ కొండ మీది ఊరు. కరెంటు స్తంభాలు అక్కడిదాకా ఎక్కలేదు. అలాంటి ఊళ్లకి ప్రభుత్వం ఆ ఏడు ఇంటికో వెచ్చచాప ఉచితంగా పంచింది. దాన్ని కనిపెట్టింది ఈ సుభాషిణే. చూడ్డానికి మామూలు చాపే, లోపల మాత్రం సన్నటి లోహపు దారాలుంటాయి. పైన మనిషి ఒంటి వేడి, కింద నేల చల్లదనం. ఆ రెండింటికీ తేడా ఉన్నంతసేపూ దారాల్లో కరెంటు పుడుతుంది. ఎండ అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, మనిషి పడుకుంటే చాలు. ఇంట్లో వాడగా మిగిలింది తీగ మీదుగా బడి గదిలోని మందుల ఫ్రిజ్ పెట్టెకి పోతుంది.

చాపలొచ్చిన కొత్తలో ఊరంతా సంబరమే.

"పడుకుంటే సోమరిపోతునని తిట్టేదానివి. సూడిప్పుడు, గవర్నమెంటు పని సేస్తన్నాను" అని అప్పన్న తాత పెళ్లాన్ని ఉడికించేవాడు.

"నీ కరెంటుకి నీ సుట్టన్నా ఎలగదు" అనేది ఆవిడ.

ఒంటి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే చాపలో కరెంటు రెండింతలవుతుంది. ఆ సంగతి సుభాషిణికి తెలుసు. తన రిపోర్టులో గొప్పగా రాసింది కూడా. దాని అర్థం ఏమిటో వానాకాలం వచ్చాక గాని ఆమెకి తెలిసిరాలేదు.

వానలతో పాటు జ్వరాలొచ్చాయి. ఏ ఇంట్లో బల్బు తెల్లగా వెలిగితే ఆ ఇంటికి గంజి పట్టుకెళ్లేవాళ్లు. 'మీ ఇల్లు భలే ఎలుగుతందే' అనే మాట ఊళ్లో అందరూ అనడం మానేశారు. బిళ్లలు మింగితే అందరికీ తగ్గింది, చిన్నాలమ్మ కూతురు జమునకి తప్ప. చివరికి నర్సు ఎస్తేరు దిగువన పారే గెడ్డ దాటొచ్చి ఆ పిల్లకి మొదటి సూది వేసింది.

"వారానికొకటి చొప్పున ఇంకో రెండు పడాలి చిన్నాలమ్మా. మూడోది తప్పిందా, జ్వరం తిరగబెడుతుంది. అప్పుడింక ఈ మందు పనిచెయ్యదు. చల్లగా ఉంచాలి సుమా, ఒక్కపూట వెచ్చబడితే అది ఉత్త నీళ్లే" అని చెప్పి, మందు ఫ్రిజ్ పెట్టెలో పెట్టింది.

ఆ సాయంత్రమే గెడ్డ పొంగింది. నర్సూ, చాపల పనితీరు చూడ్డానికొచ్చిన సుభాషిణీ ఇవతలే ఉండిపోయారు.

రెండో సూది పడింది. మర్నాటికి జమునకి చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. లేచి అన్నం అడిగింది. చిన్నాలమ్మ ఆనందానికి ఏడుస్తూ, బిడ్డకి ముద్దలు పెడుతూ కూర్చుంది. గూట్లో బల్బు ఎర్రబడిన సంగతి గమనించనే లేదు.

బడి గదిలోంచి ఎస్తేరు పరుగున వచ్చింది. "మేడమ్, పెట్టె ఆగిపోయేలా ఉంది!"

సుభాషిణికి వెంటనే అర్థమైంది. ఇన్నాళ్లూ పెట్టెని నడిపింది పిల్ల జ్వరం. పిల్లకి నయమవుతోంది, పెట్టె ఆగిపోతోంది.

ఊళ్లో వాళ్లంతా చోడి చేలల్లో పని వదిలేసి వచ్చి తమ చాపల మీద పడుకున్నారు. కాసేపు పెట్టె నడిచింది. కానీ మనిషి పడుకున్న కొద్దీ కింద నేల కూడా వెచ్చబడుతుంది. జ్వరం లేని ఒంటికి ఆ తేడా తొందరగా పోతుంది, దాంతో కరెంటూ పోతుంది. అప్పన్న తాత చాప ఈడ్చుకుంటూ మూలమూలకీ మారాడు. "సల్లటి నేల అయిపోయిందమ్మా, ఇంక నా ఇంట్లో నేదు" అని లేచి కూర్చున్నాడు. ఈసారి పెళ్లాం తను వెళ్లి ఆ చాప మీద పడుకుంది.

చిన్నాలమ్మ కూతురి నుదురు తాకి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మేడమ్, నా బిడ్డకి మళ్లీ కూసింత జొరం రావాలని మొక్కుకోమంటావా?"

సుభాషిణి ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. వానలో మిట్ట ఎక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి పథకం ఆఫీసరుకి ఫోన్ చేసింది. సోలార్ ప్యానెల్ ఒక్కటి డ్రోన్‌లో పంపమని బతిమాలింది.

"ఎలా పంపను మేడమ్? ప్యానెళ్లు కరెంటు తక్కువున్న ఊళ్లకే అని రూలు. ఈ నెల జిల్లాలో మీ ఊరి గ్రాఫే ఫస్టు" అన్నాడాయన సంతోషంగా.

"అది కరెంటు కాదండీ, జ్వరం."

"కావచ్చు మేడమ్. కంప్యూటర్‌లో జ్వరానికి కాలమ్ లేదు కదా."

తిరిగొచ్చేసరికి పెట్టె ఆగిపోయి ఉంది. ఎస్తేరు ఆ రాత్రంతా మందు సీసాని తడిగుడ్డలో చుట్టి, కుండ నీళ్లలో పెట్టి చూసింది. తెల్లారాక గుడ్డ విప్పి, సీసాని వెలుతురుకి పట్టి చూసి, మందు బయట పారబోసింది.

మూడో సూది పడాల్సిన రోజు దాటిపోయింది. తర్వాత ఒక సాయంత్రం చిన్నాలమ్మ ఇల్లు తెల్లగా వెలిగింది. బడి గదిలో పెట్టె గుర్రుమని మొదలైంది.

గెడ్డ పొంగు తగ్గిన రోజునే ఆఫీసరు వచ్చాడు, చేతిలో ఉత్తమ కరెంటు గ్రామం షీల్డుతో. ముందు బడి గదికి వెళ్లి పెట్టె తలుపు తీశాడు. "ఐసులా ఉందే! భేష్!" అన్నాడు. లోపల ఏమీ లేదు. "అంతా ఇక్కడికి రండి, ఫోటో తీద్దాం" అని పిలిచాడు.

ఎవరూ రాలేదు. అందరూ చిన్నాలమ్మ ఇంటి ముందే ఉన్నారు. దుప్పటి కట్టిన కర్రని అప్పన్న తాత కొడుకులిద్దరూ పట్టుకుని నిలబడ్డారు. పెద్దాసుపత్రి కొండ దిగువన ఉంది. సుభాషిణి, ఎస్తేరు కలిసి జమునని చాప మీంచి ఎత్తి డోలీలో పడుకోబెట్టారు.

గూట్లో బల్బు ఆరిపోయింది. బడి గదిలో పెట్టె ఆగిపోయింది.

ఆఫీసరు షీల్డు పట్టుకునే బయటికొచ్చాడు. "ఏమైందమ్మా, కరెంటు పోయిందా?"

"పోనేదు బాబూ" అంది చిన్నాలమ్మ, డోలీ వెనకాలే నడుస్తూ. "అదిగో, డోలీలో ఎల్తంది."