పుంగనూరు ట్యూనింగ్

"ముందు ఆ పాట ఆపప్పా. ఇంజను ఏమంటాందో వినాల."

నాగవేణి నాతో అన్న మొదటి మాట ఇదే. పుంగనూరులో చిన్నప్ప మెకానిక్ షెడ్డు ముందు నా పద్మిని కారు ఆపి, లోపల పాట మోగుతుండగానే హారన్ కొడుతున్నాను. నలభై ఏళ్ల నాటి కారు అది. మదనపల్లె టమోటా మార్కెట్లో మా మండీ చూసుకోవడం నా పని. ప్రాణం మాత్రం ఈ కారు మీదే.

"చిన్నప్పన్న లేడా?"

"నాయన ఉండాడు. చేసేది నేను. స్టార్ట్ చెయ్."

పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. నేను కారును చూడాల్సింది పోయి ఆమెను చూస్తూ నిలబడ్డాను.

"ఏమంటాంది?" అన్నాను.

"పెట్రోలు ఎక్కువైంది, గాలి చాలడంలేదు అంటాంది. ఓనరుకు బుర్ర చాలడంలేదు అని గూడా."

ఆ తర్వాత వరసగా ఆరు ఆదివారాలు కారుకు ఏదో ఒక రోగం వచ్చింది. రెండు నిజమైనవి, నాలుగు నేను కల్పించినవి. ఆమె కార్బురేటర్ విప్పి కడిగేది, టైమింగ్ చెవితోనే సరిచేసేది. నేను పక్కన కూర్చుని స్పానర్లు అందించేవాణ్ణి, అదీ తప్పు సైజువి.

ఒకటి గమనించాను. పని అంతా ఆమె చేసినా, వచ్చినవాళ్లకు చిన్నప్ప నోటి నుంచి "అయిపాయ" అని వస్తేనే తృప్తి. ఆయన ఆ మాట అనగానే "నీ చెయ్యే చెయ్యి చిన్నప్పన్నా" అని మెచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు.

"నీకు కోపం రాదా?" అని అడిగాను ఒకరోజు.

"వచ్చి ఏం జేసేది? నా పేరు చెప్పేవోళ్లు ఎవురుండారు?"

"నేను చెప్తా. కుప్పంలో పాత కార్ల మీట్ ఉండాది. మైకులో నీ పేరే చెప్తా సూడు."

"ఊరికే అంటాండావు."

"ఒట్టు."

ఆమె నవ్వేసి తల దించుకుంది. ఆ నవ్వు చూశాక మదనపల్లె వరకు ఏ గేరులో వెళ్లానో నాకు గుర్తులేదు.

కుప్పంలో మైదానం నిండా కార్లు. బెంగళూరు, హోసూరు, వేలూరు నుంచి వచ్చారు. ఒక్కొక్కరూ బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేసి, తమ పేరూ ట్యూనింగ్ చేసినవారి పేరూ మైకులో చెప్పాలి. అది అక్కడి పద్ధతి. నా ముందు ఒకాయన లెదర్ జాకెట్ వేసుకుని బెంగళూరులోని ఏదో పెద్ద వర్క్‌షాప్ పేరు చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి.

నా వంతు వచ్చింది. మీట్ నడిపే వినోద్ నా ఇంజను విని కళ్లు పెద్దవి చేశాడు.

"సూపర్ స్మూత్! మీ పేరు? ట్యూనింగ్ ఎవరు చేశారు?"

ఆమె పేరు నోటి దాకా వచ్చింది. పుంగనూరు షెడ్డు అంటే వీళ్లు నవ్వుతారేమో, అమ్మాయి చేసింది అంటే ఇంకా నవ్వుతారేమో అనిపించింది.

"నా పేరు రాజ్. ట్యూనింగ్... బెంగళూరులో చేయించాను."

నా పేరు మునిరాజ. అది కూడా మింగేశాను.

చప్పట్ల మధ్యలో కనిపించింది నాగవేణి. ఆకుపచ్చ చుడీదార్, చేతిలో టిఫిన్ క్యారియర్. ఎప్పుడూ గ్రీజుతో నల్లగా ఉండే గోళ్లను ఆ రోజు శుభ్రంగా తోముకుని వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "బెంగళూరులో యాడప్పా? అడ్రస్ ఇస్తే నేనూ పొయ్యి నేర్చుకుంటా."

ఆమె వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడిచింది. పిలవడానికి కూడా ముఖం చెల్లలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంజను ఒక్కసారైనా దగ్గితే బాగుండు అనుకున్నాను. దగ్గలేదు. అంత బాగా చేసింది మహాతల్లి. దారి పొడుగునా సిగ్గుతో నా చెవులు కాలుతూనే ఉన్నాయి.

మర్నాడు షెడ్డుకు వెళ్లాను. చిన్నప్పకు ఏమీ తెలిసినట్టు లేదు. "రాప్పా, కూర్చో, కాఫీ తాగు" అని మర్యాద చేశాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆయన లోపలికి వెళ్లగానే, "సారీ నాగవేణీ" అన్నాను.

ఆమె పానా కింద పెట్టలేదు. "ఈడ యాల చెప్తాండావు? ఈడ వినేది నేనొక్కదాన్నే గదా. అబద్ధం అందరి ముందర, సారీ చాటుగానా?"

"నిజమే," అన్నాను.

తర్వాతి మీట్ హార్స్లీ హిల్స్ మీద జరిగింది. సన్నగా వాన, చుట్టూ పొగమంచు. వినోద్‌ను అడిగి మైకు తీసుకున్నాను.

"నా పేరు రాజ్ కాదు, మునిరాజ. కుప్పంలో మీకు అబద్ధం చెప్పినా. ఈ కారు ట్యూన్ చేసింది పుంగనూరు చిన్నప్ప కూతురు నాగవేణి. ఆ పేరు చెప్పేదానికి సిగ్గుపడినా. ఇప్పుడు నన్ను చూస్తే నాకే సిగ్గుగా ఉండాది."

వెనక ఎవరో నవ్వారు. నవ్వితే నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, "ఆ షెడ్డు ఎక్కడ బాబూ?" అని అడిగాడు. దారి చెప్పాను.

ఈ సంగతి నాగవేణికి నేను చెప్పలేదు. ఏ ముఖంతో చెప్పను?

వారం తిరిగాక ఆమే ఫోన్ చేసింది. "ఒగసారి రా." అంతే, పెట్టేసింది. మండీలో వేలం జరుగుతుండగానే లేచి పరిగెత్తాను.

షెడ్డు ముందు మూడు పాత కార్లు, కొండ మీద మీట్‌లో చూసినవే. చిన్నప్ప కుర్చీలో కాలు మీద కాలేసుకుని, వచ్చినవాళ్లతో, "నన్నడగొద్దు సారూ, పాప అయిపాయ అంటే అయిపాయినట్టు" అంటున్నాడు.

నాగవేణి నన్ను పక్కకు పిలిచింది. "కొండ మీద చెప్పినావంట?"

"చెప్పినా."

"వానలోనంట?"

"నాగవేణీ, నిన్ను పెండ్లి చేసుకోవాలనుండాది."

ఆమె ఈసారి పానా కింద పెట్టింది. "మీట్‌లో చెప్పేది సులువప్పా. మీ ఇంట్లో ఏమని చెప్తావు?"

ఆమె ఎదురుగానే మా అమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"మా, నాకొక పిల్ల నచ్చింది. పేరు నాగవేణి. పుంగనూరు."

"ఏం చేస్తాదిరా?" మా అమ్మ గొంతు అనుమానంగా వచ్చింది.

"షెడ్డులో మెకానిక్ మా. కార్లు రిపేరు చేస్తాది. ఇంజను చెవితోనే విని ఏం జబ్బో చెప్తాది. నాకంటే మొనగత్తె."

నాగవేణి నేల చూపులు చూస్తోంది. కార్ల దగ్గర ఉన్నవాళ్లు ఫోన్ వైపు చెవులు రిక్కించారు.

"ఒరే," అంది అమ్మ చివరికి. "తెల్లార్నుంచీ మన ట్రాక్టరు స్టార్ట్ కాలేదు. ఆ పిల్లను పిల్చుకోని రా."

నాగవేణి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఎట్ల శబ్దం వస్తాంది, అత్తా?"