ఎముకలున్న గుర్రం

"ఈ గుర్రం కుంటిది" అంది ఆ అమ్మాయి.

విరిగిన కుడిచేతిని తువ్వాలుతో మెడకు కట్టుకుని, పుత్తూరులో ఎముకలు కట్టే మునిరామయ్య గారి వసారాలో కూర్చుని ఉన్నాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అలాంటి మనిషితో అనే మాటేనా అది?

"అది దేవలోకం గుర్రం. సరిగ్గా సూడు" అన్నాను.

"ఏ లోకందైనా గుర్రం గుర్రమే గదా. రెక్కలు అతికించినావు అబ్బా, మొలవలేదు. నాలుగడుగులేస్తే ఊడి కింద పడతాయి."

ఆమె పంకజాక్షి, మునిరామయ్య గారి కూతురు. నా ఒళ్లోని బొమ్మల ఫైలు అడక్కుండానే తీసుకుని పేజీలు తిప్పేస్తోంది. పది చేతుల రాక్షసుడి దగ్గర ఆగింది.

"పది చేతులూ ఒకే భుజం గూట్లోనించి వచ్చినాయే! ఒకటి ఎత్తితే తక్కిన తొమ్మిదీ నొప్పికి సచ్చిపోవా?"

కాలు విరిగి బల్ల మీద పడుకున్న ముసలామె కూడా ఫక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మండటానికి కారణం వేరే ఉంది. నేను తిరుపతిలో సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. పదేళ్ల వయసు నుంచీ నా ప్రాణమంతా మద్రాసులో అచ్చయ్యే ఒక పిల్లల మాసపత్రిక మీదే. దాంట్లో రాక్షసులనూ, గంధర్వులనూ, ఎగిరే గుర్రాలనూ వెయ్యాలి. దాని ఎడిటరు పరంధామయ్య గారు వారం కిందటే, నేను పంపిన బొమ్మలు తిప్పి పంపుతూ ఉత్తరం రాశారు. "మీ ఊహ బాగుంది, రంగులు బాగున్నాయి. కానీ మీ జంతువులు కదలవు. మా ఆర్టిస్టు జనవరిలో మానుకుంటున్నారు. ఈలోగా పది కొత్త బొమ్మలతో రండి. ఆపైన ఆగలేము."

ఉత్తరం అందిన మూడో రోజే హోటలు బోర్డు రాస్తూ నిచ్చెన మీది నుంచి పడ్డాను. అప్పటికి నవంబరు.

మునిరామయ్య గారు వచ్చి నా మణికట్టు తడిమారు. కళ్లు మూసుకుని "గోవిందా" అన్నారు. ఆ వెంటనే లాగారు. నేను పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టారు.

"మూడు వారాలు ఈ చెయ్యి కదిలించొద్దప్పా."

"మూడు వారాలా! నా బతుకు పోయినట్టే పెద్దాయనా."

"ఎడం చెయ్యి ఉండాది గదా" అంది పంకజాక్షి. బొమ్మల వెనక ఉన్న కుంకుమ బొట్లు చూపించి, "ఇవేంది?" అంది.

"బొమ్మ అయినాక స్వామి పటం ముందర పెట్టి బొట్టు పెడతా. తక్కింది ఆయనే సూసుకుంటాడు."

"ఎముకలు గూడా స్వామే గియ్యాల్నా? మా నాయన గోవిందా అని ఊరికే కూర్చోడు. అన్నాక లాగతాడు."

ఆ మాట నన్ను తిరుపతి బస్సులో కూడా వదల్లేదు.

కట్టు మార్చుకోడానికి వారానికోసారి రమ్మన్నారు. నేను మూడుసార్లు వెళ్లేవాణ్ణి. కండక్టరు నా చేతిని చూసి జాలిపడి కిటికీ పక్కన చోటిచ్చేవాడు. పంకజాక్షి జాలీ గీలీ ఏమీ పడలేదు. "మేక కాలు నూరుసార్లు గియ్యి" అంది. ఎడం చేత్తో గీశాను. కోడిపుంజు రెక్క చాచి పట్టుకుని, అది ఎక్కడ మొదలవుతుందో చూపించింది. నన్నే నా భుజం వెనక తడుముకోమని, చెయ్యెత్తితే అక్కడి ఎముక ఎలా జరుగుతుందో చెప్పింది. వానకు వసారా చూరు కారుతుంటే కాగితాలు తడవకుండా తన పైట అడ్డం పెట్టింది. ఆ పూట నేను గీసిన కాలు మేకదో మనిషిదో నాకే తెలియదు.

"మొదటి రోజు మా నాయన్ని పెద్దాయనా అంటివి" అంది ఒకనాడు. "ఇప్పుడు మామా అంటా ఉండావు?"

"నొప్పి తగ్గింది గదా, చనువు పెరిగింది."

ముఖం తిప్పుకుంది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది.

కట్టు విప్పాక కుడిచేతిలోకి సత్తువ రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. చెయ్యి సలుపుతున్నా పది బొమ్మలూ పూర్తిచేశాను. ఆమె ఒక్కొక్కటే చూసి, ఏమీ అనకుండా ఫైలు కట్టి ఇచ్చింది.

"బాగుండాదని ఒక మాట అనొచ్చు గదా!"

"నేనంటే ఏమొస్తాది? మెడ్రాసులో అనాల."

ఫైలు చంకన పెట్టుకుని అలిపిరి నుంచి మెట్లెక్కాను. ఈసారి స్వామిని ఏమీ అడగలేదు. నా వల్ల అయింది చేశానని మాత్రం చెప్పుకున్నాను.

మద్రాసులో పరంధామయ్య గారు రెక్కల గుర్రాన్ని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశారు.

"ఇది ఎగురుతుందయ్యా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

గర్వంతో గుండె నిండిపోయి నోరు జారాను. "నాకు కాబోయే భార్య దగ్గర సార్."

"ఆవిడది ఏ డ్రాయింగ్ స్కూలు?"

"వాళ్లు ఎముకలు కడతారు సార్, పుత్తూరులో."

ఆయన పడీ పడీ నవ్వి, ఉద్యోగం ఆర్డరు కాగితం నా చేతిలో పెట్టారు.

నేను తిరుపతి వెళ్లలేదు. పుత్తూరులోనే బస్సు దిగాను. పంకజాక్షి వసారాలో ఆకు నూరుతోంది. కాగితం అందించాను. రెండుసార్లు చదువుకుంది.

"ఇంకొకటి ఉండాది" అన్నాను. "ఎవురు నేర్పించినారని అడిగినాడు. నాకు కాబోయే భార్య అని చెప్పేసినా."

పొత్రం ఆగింది. "నన్ను అడక్కుండానే?"

"తప్పే. నువ్వంటే నాకు ప్రాణం, నోరు ఆగలే. ఇప్పుడు అడగతా ఉండా."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత లోపలికి కేకేసింది.

"నాయనా! పోయిన వారం నీకు జెప్పినానే, ఆ అబ్బాయి వచ్చినాడు. పిల్లనడగతా ఉండాడు."

"పోయిన వారమా?" అన్నాను. "అప్పటికి నాకు ఉద్యోగమే రాలేదే!"

"బొమ్మలు ముందర సూసింది నేను గదా" అంది పంకజాక్షి. "నాకు తెలీదా?"