తిత్తుల గదికి గోడ

"కాళ్లతో తొక్కే తిత్తుల్ని తీసెయ్యం. గాలి పాత పద్ధతిలోనే అందుతుంది." చర్చిలోని ఆ పాతకాలపు గొట్టాల ఆర్గన్‌కి మరమ్మతు మొదలైన రోజు చర్చి కమిటీ పెద్ద అందరి ముందూ అన్న మాట ఇది. లాక్‌డౌన్‌లో చర్చి తలుపులతో పాటు ఆ మాటకీ తాళం పడింది. ఇక గాలికి మోటారు పెడతారట. తిత్తుల గదికి ఇటుకల గోడ కట్టేస్తారట!

జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ దగ్గరి ఆ ఊళ్లో చీకటి పడితే ఆ గది వైపు ఎవరూ పోరు. దాదాపు మూడొందల ఏళ్ల కిందట, జ్వరాల ఏడాదిలో, ఆరాధన మధ్యలో, తిత్తులు తొక్కుతూ తొక్కుతూ ఒకడు అక్కడే కూలి ప్రాణం వదిలాడట. ఆర్గన్ చేసినవాడి పేరు ముందువైపు బంగారు అక్షరాల్లో ఉంది. దానికి ఊపిరి పోసినవాడి పేరు — ఏ చరిత్రలోనూ లేదు.

అందుకే ఆ గోడ కట్టనివ్వకూడదని ఎలియాస్‌కి పంతం. అమలాపురం నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చినవాడు. ముందువైపు తోటి తెలుగమ్మాయి షారన్ వాయిస్తుంది, వెనక గదిలో ఇతను తొక్కుతాడు. ఒకరికొకరు కనబడరు. గాలి కావాలంటే ఆమె తాడు లాగుతుంది, గదిలో చిన్న గంట మోగుతుంది. అలా వాయించింది రికార్డు చేసి కమిటీకి వినిపిస్తే గోడ ఆగుతుందని వాళ్ల ఆశ.

"మాస్టర్స్‌కని వచ్చి గాలి తొక్కుతున్నావేంటన్నా?" అని షారన్ ఏడిపించేది.

"శ్రమ లేనిదే సంగీతం లేదు, కామ్రేడ్!"

"అబ్బో... ముందా మాస్కు పైకి లాక్కో."

ఆ జనవరి సాయంత్రం ఎలియాస్ వెనక తలుపు తీసుకుని గదిలోకి వెళ్లాడో లేదో — గంట మోగింది. తొక్కడం మొదలుపెట్టాడు. అవతల ఆర్గన్ పలికింది. లోతుగా... నెమ్మదిగా... షారన్ ఎన్నడూ వాయించని పాట.

"షారూ, ఏం పాటే ఇది?"

జేబులో ఫోన్ మోగింది. షారన్!

"అన్నా, నేను బస్సెక్కలేదు. రూమ్మేట్‌కి పాజిటివ్... క్వారంటీన్ అంట. నువ్వూ ఇంటికెళ్లిపో."

ఎలియాస్ కాళ్లు ఆగిపోయాయి. తిత్తులు నిట్టూర్చి చప్పబడ్డాయి. ఆర్గన్ మూలిగి ఊరుకుంది.

మళ్లీ గంట.

అతను గోడకి అతుక్కుపోయాడు. అప్పుడు — పక్కనున్న తొక్కుడు చెక్క, మనిషి బరువు పడ్డట్టు, కిర్రుమంటూ మెల్లగా కిందికి దిగింది.

ఆర్గన్ మళ్లీ ఆ పాట అందుకుంది.

మర్నాడు కమిటీ గది తలుపు మీద ఎలియాస్ ఒక కాగితం అంటించాడు: "మోటారు పెట్టుకోండి. కానీ లోపల ఇంకా పని చేస్తున్న మనిషికి సెలవెవరిస్తారు? ఆయన్ని లోపలే ఉంచి గోడ కడతారా? జవాబు కావాలి — 2021 ఫిబ్రవరి 28లోగా."