పై బల్ల

శనివారం ఉదయం సిర్కా కాఫీ కాస్తూ కిటికీలోంచి చూసింది. పెరట్లో ఆమె భర్త ఒలావి కట్టెలు చీలుస్తున్నాడు. రెండు దెబ్బలు వేసి, గొడ్డలి మీద ఆనుకుని, మంచు వైపు చూస్తున్నట్టు నిలబడిపోతున్నాడు. అతను చూస్తున్నది మంచును కాదు. ఊపిరి కోసం ఆగుతున్నాడు.

లోపలికి వచ్చి, ఎడమ చెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

“ఒలావీ, ఇవాళైనా ఆసుపత్రికి పోదాం.”

“దేనికి? బతుకంతా అడవిలో చెట్లు కొట్టినవాణ్ణి. డాక్టర్లు కుర్చీల్లో కూర్చునేవాళ్లకి కావాలి. సాయంత్రం సౌనా ఆవిరిలో చెమట పట్టిందంటే అదే పోతుంది.”

“పోయేది నొప్పేనా, నువ్వా?”

అతను రొట్టెకు వెన్న రాసుకున్నాడు. తినలేదు.

కిందటి శనివారం సౌనాలో ఒలావి పై బల్ల మీంచి ముందుగా దిగాడు. సిర్కా తమ్ముడు రైమో ఆ సంగతి వారమంతా ఊళ్లో చెప్పి నవ్వాడు. అక్కడి మగవాళ్లు ఒంటి సత్తువను కొలుచుకునేది ఆ ఆవిరి స్నానాల గదిలోనే. వేడి ఎక్కువగా ఉండే పై బల్ల మీద చివరిదాకా కూర్చున్నవాడు గట్టివాడు. ముందు దిగినవాడు ముసలివాడు.

ఆ ఉత్తర దేశపు చలికాలంలో మూడింటికే చీకటి పడింది. రైమో వచ్చాడు.

“ఏం బావా, కింది బల్ల మీద దిండు వేయించమంటావా?”

“నోరు మూసుకుని నీళ్లు మొయ్యి. ఇవాళ ఎవరు దిగుతారో చూద్దాం.”

మగవాళ్ల వంతప్పుడు ఆడవాళ్లు ఆ తలుపు తియ్యరు. సిర్కా మంచులో నిలబడి వింది. మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత పొయ్యి మీద కాలిన రాళ్ల మీద నీళ్లు చుయ్యిమనడం తప్ప మరేమీ వినిపించలేదు. ఆమె తలుపు తోసింది.

“తలుపెయ్యక్కా, వేడి పోతోంది!”

ఒలావి మొహం బూడిద రంగులో ఉంది.

“దిగు, ఒలావీ.”

“వాడు దిగాక.”

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “మీ బావకి నెలల తరబడి గుండెలో నొప్పి రా. నువ్వు నవ్వుతావని అక్కడే చచ్చిపోయేలా ఉన్నాడు. నాకింకేం చెయ్యాలో తెలీదు. నీ కాళ్లు పట్టుకుంటాను, నువ్వు ముందు దిగు.”

రైమో రాళ్ల మీద నీళ్లు పోసే గరిటె పక్కన పెట్టాడు. మెల్లగా దిగి కింది బల్ల మీద కూర్చుని, ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

“నాకూ ఉందక్కా. వేసవి నుంచీ. బావ పైనుండగా నేనెలా దిగేది?”

“చెప్పలేదేంరా?” అన్నాడు ఒలావి.

“నువ్వు చెప్పావా?”

ఒలావి దిగబోయాడు. తూలి ముందుకి ఒరిగాడు. ఇద్దరూ పట్టుకుని బయటి గదిలోకి తెచ్చి దుప్పటి కప్పారు. సిర్కా ఫోన్ చేసింది. అంబులెన్సు పట్నం నుంచి రావాలి. దారంతా మంచు.

ఒలావి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “భయమేస్తోంది, సిర్కా.”

పెళ్లయ్యాక ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

“వాళ్లొచ్చి అడిగితే నాకేం లేదనేస్తాను. అలవాటు. నమ్మనివ్వకు. అంతా నువ్వే చెప్పు.”

“చెప్తాను.”

రైమో గుమ్మంలో నిలబడి దారి చూస్తున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“నాది కూడా చెప్పక్కా.”