ఇనుప మూర

గోడెలీవ్ తాంగె తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చేసింది. రోసెల్‌బ్రుగ్ ఊరు చూడవచ్చేవాళ్లని ముప్ఫై ఒక్క ఏళ్లుగా గొడుగు ఎత్తి వెంట తిప్పుతున్న గైడు ఆవిడ. ఆవిడ గొంతు వినని సంతచౌకు ఆ ఊళ్లో లేదు. ఆ ఉదయం మాత్రం నోట మాట రాలేదు. కుర్చీ అంచున కూర్చుని, మెడలో గొలుసుకి వేలాడుతున్న చిన్న తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

ఫిర్మాన్ కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. ఇరవయ్యేడేళ్లు ట్రామ్ కండక్టరుగా చేసి రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ మతిల్డా స్టాల్పార్ట్ దగ్గర సహాయకుడుగా చేరినవాడు. తనకంటే పదిహేనేళ్లు చిన్నదైన ఆవిడని మేడమ్ అనే పిలుస్తాడు, ఆవిడ తెలివికి లోలోపల దండం పెడుతుంటాడు.

"తొందరేం లేదు. ఒక గుక్క తాగి చెప్పండి," అంది మతిల్డా.

"నాలుగింటికి సమావేశం పెట్టి నా గైడు బిల్ల లాగేసుకుంటారు మతిల్డా. బిల్ల లేకపోతే ఈ ఊళ్లో నేనెవర్ని? చౌకు దాటిపోయే ఒక ముసలిదాన్ని, అంతే."

తరవాత మాట కుదురుకుంది. బట్టల హాలు గోడకి, మనిషి గుండె ఎత్తులో, రెండు కొక్కేల మీద ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఊరి మూర అది. ఒకప్పుడు ఆ చౌకులో బట్ట అమ్మినవాడెవడైనా ఆ కడ్డీకి ఆనించి కొలవాల్సిందే. కొలతలో మోసం చేసినవాడిని పక్కనున్న వెన్న సంతలో నీళ్ల పంపుకి కట్టేసి పొద్దుగూకేదాకా నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు బట్టలమ్మేవాళ్లు లేరు, ఊరు చూసేవాళ్లున్నారు. తాళం తీసి, కడ్డీ కిందికి దింపి, వచ్చిన ప్రతివాళ్లకీ మూరెడు ఎర్ర రిబ్బను కొలిచి ఇవ్వడం గైడుల ఆనవాయితీ. ఊరు తిరగడం చేపల సంతలో కాఫీ కొట్టు దగ్గర ముగుస్తుంది. ఇష్టమైనవాళ్లు రిబ్బను మీద పేరూ తేదీ రాసి కొట్టు దూలానికి గుచ్చి పోతారు.

ఆ తాళంచెవి అందరికంటే పాత గైడు మెడలో ఉండాలి. అంతకుముందు అది వేసుకున్న పెద్దాయన చలికాలం మొదట్లో పోయాడు. గోడెలీవ్ ఆ చలికాలమంతా ఓస్టెండ్‌లో జబ్బుపడ్డ చెల్లెలి దగ్గర ఉండిపోయింది. తిరిగి వచ్చాక, సరిగ్గా ఏప్రిల్ ఒకటిన, గైడుల సంఘం అధ్యక్షుడు లుడోవిక్ బార్త్ ఆవిడ మెడలో గొలుసు వేశాడు. కడ్డీ భద్రంగా ఉందని ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టారు. ఇది జరిగి మూడు వారాలు. ఈ ఉదయం రాజధాని నుంచి, మ్యూజియం ప్రదర్శన కోసం, ఒక లోహ నిపుణురాలు కడ్డీని తీసుకుపోవడానికి వచ్చింది. గోటితో గీకి చూసింది. ఈ ఇనుము నా మనవరాలికంటే చిన్నదండీ అంది.

"లుడోవిక్ నన్ను దొంగా అని అనలేదు. 'తాళంచెవి నీ మెడలోనే ఉంది కదా గోడెలీవ్' అన్నాడు. అంతే. అందరూ నా మెడకేసి చూశారు."

మతిల్డా లేచి కోటు తొడుక్కుంది. "ఫిర్మాన్ గారూ, కొలబద్ద తీసుకోండి. గుడ్డది కాదు, చెక్కది. గుడ్డ సాగుతుంది."

చౌకులో సన్నని తుంపర పడుతోంది. పూలమ్మేవాళ్లు టార్పాలిన్లు దించేశారు. మతిల్డా గోడ మీది కడ్డీని రెండు నిమిషాలే చూసింది. కింద ఉన్న రాతిమెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మాత్రం చాలాసేపు ఉండిపోయింది. మెట్టు అంచున పెచ్చు లేచి ఉంది. చుట్టూ రాయంతా నాచుపట్టి నల్లగా ఉంటే అక్కడొక్కచోటే లోపలి రాయి తెల్లగా కనిపిస్తోంది. మెట్టుకీ గోడకీ మధ్య సందులోంచి జుట్టుపిన్నుతో ఏదో గీకి తీసి అరచేతిలో వేసుకుంది. తుప్పు పొలుసులు, గోధుమ పొట్టంత పలచనివి. గోడ మీది కడ్డీకి తుప్పన్నదే లేదు, నల్లరంగు పూసి ఉంది. ఫిర్మాన్ అన్నీ చూశాడు గానీ వాటిని ఎక్కడ అతికించాలో తోచలేదు. మేడమ్‌కి తోచినట్టుంది, పెదవి కొరుకుతోంది.

అప్పుడే సంఘం ఆఫీసు వైపు నుంచి లుడోవిక్ బార్త్ వచ్చాడు. అరవై దాటిన నిండు మనిషి. బట్టతల మీంచి చినుకులు చెవుల వెనక్కి కారుతున్నాయి. గైడులందరి దగ్గరా ఉండే పొడుగాటి గొడుగు మూసి, చంకలో బిగించి పట్టుకున్నాడు. మతిల్డా కనబడగానే నిట్టూర్చాడు.

"ఏం చెయ్యమంటారు స్టాల్పార్ట్ గారూ. నాకు మాత్రం సంతోషమా? ముప్ఫై ఏళ్ల స్నేహం. కానీ సంఘం అన్నాక నియమం అని ఒకటుంటుంది."

"ఆ మూర పొడవెంతో మీకు గుర్తుందా?" అని అడిగింది మతిల్డా.

"డెబ్బై సెంటీమీటర్లు. నా పుస్తకంలోనే ఉంది, పదకొండో పేజీ." ఊరి సంతచౌకుల మీద ఆయన రాసిన చిన్న పుస్తకం లేని దుకాణం ఆ వీధుల్లో లేదు. ఇంటికి వెళ్లి భోజనం చేసి నాలుగింటికి వస్తానని ఆయన కదలబోయాడు. ఆ సమావేశం సంఘం ఆఫీసులో కాకుండా చేపల సంత కాఫీ కొట్టులో పెట్టాలని, ఇంకో గంటలోనే పెట్టాలని మతిల్డా అడిగింది. ఆయన ఎందుకని అడిగాడు. అక్కడ రొయ్యల కూర బాగుంటుందని, భోజనం కూడా అక్కడే కానివ్వచ్చని ఆవిడ చెప్పింది. ఆయన సరేనన్నాడు. చేపల సంతదాకా లుడోవిక్‌కి తోడుగా నడవమని గోడెలీవ్‌ని పంపింది. పాపం ఆ ఇద్దరూ తుంపరలో, మధ్యన ఇంకో మనిషి పట్టేంత ఎడంతో నడిచిపోవడం ఫిర్మాన్ చూశాడు.

సంఘం ఆఫీసులో గుమాస్తా సిడోనీ ఒక్కతే ఉంది. ఎండుమిరపకాయ లాంటి మనిషి. పెద్దాయన పోయినప్పటి నుంచి ఏప్రిల్ దాకా తాళంచెవి ఎక్కడుందని అడిగితే, బల్ల సొరుగులో అని, సొరుగు తెరిచేవాళ్లు తనూ అధ్యక్షుడూ ఇద్దరే అని దాచకుండా చెప్పింది. చలికాలంలో ఊరు చూడవచ్చేవాళ్లు తక్కువ కాబట్టి వారానికొక్క ఆదివారమే తిప్పుతారు. లుడోవిక్ మాట్లాడతాడు, సిడోనీ రిబ్బను కత్తిరిస్తుంది.

"మాట్లాడినవాడికి చప్పట్లు, కత్తిరించినదానికి చేతినొప్పులు. ఆ రిబ్బన్లు కూడా ఈ మధ్య దగా చేస్తున్నారమ్మా. చుట్టకి సరిగ్గా యాభై వచ్చేవి. ఇప్పుడు నలభై ఎనిమిదీ, ఇంకో పీలికా. కొట్టువాడికి రెండు ఉత్తరాలు రాశాను. ఏప్రిల్ నుంచి గోడెలీవ్ చేతివాటం అనుకున్నాను గానీ, అంతకుముందు నేను కోసినప్పుడూ అంతేగా."

"ఆ రెండు ఉత్తరాల సంగతి బార్త్ గారికి చెప్పారా?"

"చెప్పాను. అలాంటి చిల్లర విషయాలు వదిలెయ్యమన్నాడు."

మతిల్డా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపింది. సిడోనీ ఎందుకో అర్థంకాక చేతిని పావడాకి తుడుచుకుంది.

చేపల సంత కాఫీ కొట్టులో దూలాలు కనబడవు, రిబ్బన్లే కనబడతాయి. కొత్తవి ఎర్రగా, పాతవి ఇటుకరంగుకి దిగి, మరీ పాతవి పలచటి టీ రంగులో ఉంటాయి. లుడోవిక్, గోడెలీవ్ ముందుగదిలో చెరో మూల కూర్చున్నారు. మతిల్డా వెనకగదిలో బల్ల ఎక్కి, ఈ సంవత్సరపు రిబ్బన్లు ఒక్కొక్కటే కొలుస్తూ తేదీ చదువుతుంటే ఫిర్మాన్ రాసుకున్నాడు. మార్చి పది ఆదివారం దాకా అన్నీ అరవై ఎనిమిది. మార్చి పదిహేడు ఆదివారం నుంచి నిన్నటిదాకా అన్నీ డెబ్బై.

"ఒక పాతది కావాలి. బాగా పాతది. వెతకగలరా?" అంది మతిల్డా.

వెతకాల్సిన పని లేకపోయింది. ఫిర్మాన్ తిన్నగా కిటికీ పక్క మూడో దూలం దగ్గరికి వెళ్లి చెయ్యెత్తి, రెండు రిబ్బన్లు కలిపి ముడేసి ఉన్న చోట ఆగిపోయాడు. ఇర్మా, ఫిర్మాన్ అని రాసి ఉంది, కింద ముప్ఫై నాలుగేళ్ల కిందటి ఒక మే నెల తేదీ. అతని భార్య ఇర్మా పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి మేడమ్‌కి తెలుసు, రిబ్బను సంగతి తెలియదు.

"ముడి విప్పక్కర్లేదు," అంది ఆవిడ మెల్లగా. "అక్కడే ఉంచి కొలవండి."

ఫిర్మాన్ కొలిచాడు. ఒక్కొక్కటి అరవై ఎనిమిది.

సమావేశానికి ఎనిమిది మంది గైడులు, సిడోనీ, రాజధాని నిపుణురాలు వచ్చారు. మతిల్డా కూర్చోకుండా పొయ్యికి వీపు పెట్టి నిలబడింది.

"ఈ ఊళ్లో సాక్ష్యం దూలాలకి వేలాడుతోంది. ఎవరూ తల పైకెత్తలేదు, అంతే. మార్చి పదిన కోసిన రిబ్బనుకీ పదిహేడున కోసిన రిబ్బనుకీ బొటనవేలి వెడల్పంత తేడా. ఆ వారంలోనే కడ్డీ మారింది. ఆ వారం గోడెలీవ్ గారు ఓస్టెండ్‌లో చెల్లెలి మంచం పక్కన ఉన్నారు. ఆవిడ మెడలో పడ్డది అప్పటికే నకిలీ అయిన కడ్డీ తాళంచెవి."

గోడెలీవ్ కళ్లు మూసుకుంది.

"ఆ వారం తాళంచెవి అందేది ఇద్దరికే. సిడోనీ గారు మార్చిన మనిషైతే రిబ్బన్లు చాలడంలేదని కొట్టువాడితో దెబ్బలాడరు, నోరుమూసుకుంటారు. పైగా ఏళ్ల తరబడి ఆ కడ్డీ మీద కత్తెర ఆడించిన మనిషి, నకలు చేయించేటప్పుడు పొడవు తప్పు చెప్పదు. కడ్డీని చేత్తో ఎరిగినవాళ్లు చేయించిన నకలు కాదిది. పుస్తకంలో చదివినవాళ్లు చేయించింది. అరవై ఎనిమిదిని సొంపుగా ఉంటుందని డెబ్బై చేసింది ఒక్క పుస్తకమే."

అందరూ లుడోవిక్‌కేసి తిరిగారు. ఆయన గొడుగుని చంకలో ఇంకాస్త బిగించాడు.

"దొంగతనం అయితే కాదు. మెట్టు అంచు కొత్తగా చితికి ఉంది, సందులో పాత తుప్పుంది. కడ్డీ కింద పడింది, విరిగింది. బార్త్ గారూ, పొద్దున వానలో తల తడుపుకుంటూ గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు. గొడుగు ఎత్తి గుంపుకి దారి చూపే పని లేని గైడు వానలో దాన్ని ఎందుకు విప్పడు? కడ్డీ నకిలీ అని తేలింది కాబట్టి ఆఫీసు సోదా చేస్తారని భయపడి, దాచిన ముక్కలు బయటికి తెచ్చారనుకుంటాను. ఇంటికి వెళ్లే దారిలో కాలువ ఉంది. అందుకే మిమ్మల్ని ఇంటికి పోనివ్వలేదు."

లుడోవిక్ చంకలోంచి గొడుగు తీశాడు. తరవాత బల్ల మీద దాన్ని తనే విప్పాడు. గుడ్డలో చుట్టిన రెండు ఇనుప ముక్కలు జారి బల్ల మీద పడ్డాయి.

ఎవరూ అడగకుండానే చెప్పాడు. పుస్తకం కొత్త ముద్రణకి అట్ట మీద, కడ్డీ పట్టుకున్న తన బొమ్మ ఉండాలని కోరిక కలిగింది. చౌకు ఖాళీగా ఉన్న ఒక ఉదయం కెమెరాని అరుగు మీద పెట్టి, కడ్డీని తలపైకెత్తాడు. మంచు పట్టిన ఇనుము, చెయ్యి జారింది. పొరుగూరి కమ్మరికి ఫోను చేసి డెబ్బై అని చెప్పాడు. ముక్కల్ని కొలవాలని కూడా తోచలేదు. తన పుస్తకం తప్పయి ఉంటుందని ఆయనకి ఎన్నడూ తోచలేదు.

"పారేద్దామని నాలుగుసార్లు కాలువ దాకా వెళ్లాను," అన్నాడు. "చెయ్యి రాలేదు గోడెలీవ్. ఇవాళైనా వచ్చేదో లేదో."

"నా మెడకేసి వేలు చూపించడానికి మాత్రం వచ్చింది," అంది గోడెలీవ్.

ఆయన ముక్కలు చుట్టిన గుడ్డని మడతపెట్టసాగాడు.

ఫిర్మాన్ ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఆవిడ ముక్కల్ని దగ్గరికి తీసుకుని విరిగినచోట ఒకదానికొకటి ఆనించింది.

"దొంగ అన్నా ఓర్చుకుందును. మూడు వారాలు నా చేత్తో నేనే తప్పు మూర కొలిచి ఇచ్చాను మతిల్డా. ఈ ఊళ్లో పంపుకి కట్టేసేది దానికే. నాకెందుకు తెలియలేదు?"

"మీరు రిబ్బను చూడరు కాబట్టి. పుచ్చుకునేవాళ్ల ముఖం చూస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే చూశారు."

గోడెలీవ్ ముక్కు చీదుకుంది. నిపుణురాలు ఆ ముక్కల్ని ఇలాగే ప్రదర్శనకి తీసుకుపోతానంది. గైడులు లుడోవిక్ బిల్ల లాగేయాలన్నారు. అందరికంటే పాత గైడు ఏమంటే అదని చివరికి తేల్చారు.

"బిల్ల ఉండనివ్వండి," అంది గోడెలీవ్. "ముక్కలు తిరిగి వచ్చాక గోడకి అలాగే, విరిగినట్టే తగిలిద్దాం. లుడోవిక్, నువ్వు పక్కన నిలబడి ఎలా విరిగిందో వచ్చినవాళ్లకి చెప్పు. ప్రతి గుంపుకీ. నీ పదకొండో పేజీ సంగతి కూడా."

జూన్‌లో ఒక ఆదివారం ఫిర్మాన్ పనేమీ లేకుండానే చౌకుకి వెళ్లి గుంపు వెనకాల నిలబడ్డాడు. రెండు ముక్కలూ గోడ మీద విరిగినచోట ఆనుకుని ఉన్నాయి. లుడోవిక్ చెబుతున్నాడు, పుస్తకంలోలా కాకుండా తడబడుతూ. పిల్లలూ పెద్దలూ విరిగినచోటే వేలు పెట్టి చూస్తున్నారు. గోడెలీవ్ ఆ ముక్కల పొడవునే రిబ్బన్లు కొలిచి కత్తిరిస్తోంది. ఈమధ్య ఇస్తున్నప్పుడు మనిషి ముఖం చూసేముందు ఒకసారి కత్తెరకేసి చూస్తోంది. ఫిర్మాన్ వంతు వచ్చినప్పుడు ఒకటి కాదు, రెండు కావాలన్నాడు.

ఆవిడ ఎందుకని అడగలేదు. రెండూ సరిగ్గా కొలిచి చేతిలో పెట్టింది.