గడప ముందు నల్ల చుక్కలు

"బోల్టు యాడ పెట్టినావ్?"

ఫోన్‌లో మా ఆవిడ సాయిశ్రీ అడిగింది. నవ్వు ఆపుకుంటూ మళ్ళీ తనే అంది:

"నీ చేతిలోనే ఉందేమో సూడప్పా."

చూశాను. ఎడమచేతిలోనే ఉంది. కుడిచేతిలో కొత్త ఆయిల్ డబ్బా, ఇంజన్ నోట్లో గరాటు, ఇంజన్ కింద తెరిచిన కన్నం. అప్పటికే డబ్బా సగానికి పైగా పోశాను. ఎంత పోసినా నిండకపోతే, పాపం బండికి ఎంత దాహంగా ఉందో అనుకున్నాను. పైన పోసింది పోసినట్టే కింద పళ్ళెంలోకి దిగుతోందని తట్టలేదు.

నేను బీటెక్ మెకానికల్. ఫస్ట్ క్లాస్. ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి.

ఇదంతా ఆషాఢం వల్ల వచ్చింది. పెళ్ళయి నెల తిరగకముందే ఆ మాసం రావడం, మా ఆవిడను ఆళ్ళగడ్డలో పుట్టింటికి పంపడం, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కితే అత్తకు కీడని అందరూ కలిసి నాకు బోధించడం వరసగా జరిగిపోయాయి. నేను నంద్యాల సంజీవనగర్‌లో మిగిలాను. మా ఇద్దరి మధ్య గంట దారి, ఒక గడప. గంట దారి నాకు లెక్కలేదు.

ఆ ఆదివారం సాయిశ్రీ పుట్టినరోజు. పెళ్ళయ్యాక మొదటిది. "బైకు మీద వస్తా. గడప తొక్కను. వీధిలో నిలబడి నీ మొహం చూసి పోతా" అని మాటిచ్చాను.

"మాట తప్పితే శ్రావణంలో నన్ను పిల్చుకపోయేదానికి నువ్వు రావద్దు. మీ అమ్మను పంపీ" అంది.

శనివారం సాయంత్రం బండి చూసిన మెకానిక్ ఫ్రాన్సిస్ అన్న పెదవి విరిచాడు. "ఆయిల్ తారైపోయిందప్పా. దీంతో దూరం పోవద్దు. రేపు నేను చర్చికి పోవల్ల, సోమవారం రా."

"బస్సులో రారాదా?" అంది సాయిశ్రీ.

"బస్సులో వస్తే ప్రేమేముంటుంది? టికెట్టుంటుంది. నేనే మారుస్తాలే ఆయిల్."



"మొన్న గ్యాస్ రెగ్యులేటర్ పెట్టేదానికి పక్కింటోళ్ళను పిల్చింది ఎవురు?"

"అది గ్యాస్. ఇది బండి."

"బండి లోపల గూడా మంటే ఉంటాది కదప్పా!"

అలా మొదలైంది. ఇంజన్ కొంచెం వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ దించాలని వీడియోలో చెప్పారు. నేను ఏ పనీ కొంచెం చేసే రకం కాదు. ఆదివారం పొద్దున్నే నంద్యాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చాను. బోల్టు ముట్టుకోగానే వేలు చుర్రుమంది. తరవాత, బండి కింద పడుకుని చూసేసరికి కుడి ఎడమైంది, విప్పాల్సిన బోల్టును చెమటలు కారేలా బిగించాను. తీరా అది కదిలినప్పుడు కింద పెట్టడానికి గిన్నె లేదు. అమ్మ కూరగాయలకు పోయింది. వంటింట్లో గూట్లో పెద్ద ఇత్తడి పళ్ళెం తళతళా మెరుస్తూ కనిపించింది. సరిగ్గా సరిపోయింది.

అది పెళ్ళిలో మా మామ నా కాళ్ళు కడిగిన పళ్ళెం.

నల్లటి ఆయిల్ దానిలోకి దూకింది, దాని వెంటే బోల్టు కూడా. చల్లారాక పళ్ళెంలో చెయ్యి పెట్టి దేవుతుంటే, వీడియో కాల్‌లో చూస్తున్న సాయిశ్రీకి పెళ్ళి గుర్తొచ్చింది. బిందెలో ఉంగరం తీసే ఆటలో ప్రతిసారీ తనే గెలిచింది. నా చేతికి బిందె అడుగు తప్ప ఏమీ దొరకలేదు.

"ఈసారన్నా దొరికిందా?"

"దొరికింది!" అని బోల్టు ఎత్తి చూపించాను.

ఆ గెలుపు మత్తులో బోల్టు చేతిలో పట్టుకునే కొత్త ఆయిల్ పోశాను. మిగతాది మీకు తెలుసు.

ఇంకో డబ్బా కొనుక్కొచ్చాను. గట్టిగా బిగిస్తే మర పోతుందని వీడియోలో భయపెట్టారు కాబట్టి బోల్టును నెమ్మదిగా, ముద్దుగా బిగించాను. పళ్ళెం కుళాయి దగ్గర పెట్టి, తెల్ల చొక్కా తొడుక్కుని, గాజుల డబ్బా జేబులో వేసుకుని బయల్దేరాను.

నల్లమల మీద మబ్బు నా పక్కనే నడుస్తూ వచ్చింది. శిరివెళ్ళ దాకా పాటలు పాడాను. దాటాక ఇంజన్ కూడా టకటకమని ఏదో పాడడం మొదలుపెట్టింది. నాకు తాళం వేస్తోందనుకున్నాను.

ఆళ్ళగడ్డలో వాళ్ళ గడపకు నాలుగడుగుల దూరంలో బండి ఆపి ఫోన్ చేశాను. సాయిశ్రీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. వీధి చివర ఉన్న మామ షెడ్డు చూపించింది. మా మామ తిరుపాలు రాతి శిల్పి. ఆదివారం కాబట్టి ఉలులకు సెలవు.

"మీ అమ్మ చూస్తే?" అన్నాను షెడ్డులో బండి పెడుతూ.

"షెడ్డుకు గడప లేదు కదా" అంది పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ.

ఇంత తెలివైన అమ్మాయి నన్నెలా చేసుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

తొండం ఇంకా చెక్కని వినాయకుడు, ఒకే కన్ను తెరిచిన నంది మమ్మల్ని చూస్తున్నారు. రేకుల మీద వాన మొదలైంది. తను నా కాలిన వేలు పట్టుకుని ఊదింది.

"నొప్పిగా ఉందా?"

"ఇప్పుడు లేదు. ఇంకో వేలు కూడా కాల్చుకోవాల్సింది."

"చెవి మీదేందీ నల్లగా?"

"దిష్టిచుక్క."

"ఆయిలు!" అని కొంగుతో తుడిచింది. అది చెంప దాకా పాకింది. తను నవ్వింది. ఆ నవ్వు కోసం మనిషి రోజూ ఆయిల్ మార్చవచ్చు.

గాజులు తొడుగుతుంటే ఫోన్ మోగింది. మా అమ్మ నరసమ్మ. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కాను. అది ఇంకో పొరపాటు.

"రేయ్ మహీ! యాడున్నావ్ రా? కాళ్ళు కడిగిన పళ్ళెంలో ఈ మసేందిరా? చింతపండేసి తోముతాండా, పోదు! అడుగున ఉంగరం మాదిరి ఒకటి దొరికింది. ఎవురిదిది?"

సాయిశ్రీ కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు నా మొహం మీంచి దిగి బండి కిందికి పోయి ఆగింది.

"నీ బోల్టుది" అంది నెమ్మదిగా.

వాషర్. బోల్టుకు, ఇంజన్‌కు మధ్య ఉండాల్సిన రింగు. పళ్ళెం అడుగునే వదిలేశాను. పెళ్ళిలో ఉంగరం దొరకనివాడికి ఇది మాత్రం ఎలా దొరుకుతుంది? బండి కింద నల్లటి మడుగు. షెడ్డు బయటికి చూస్తే, తడిసిన వీధి పొడుగునా ఒక్కో ఆయిల్ చుక్కా విచ్చుకుని రంగురంగుల పువ్వై, వాళ్ళ వాకిలి నుంచి మా దాకా దారి చూపిస్తోంది.

ఆ దారిలో ఒక గొడుగు వస్తోంది. కింద మా అత్త మహానందమ్మ. తల వంచి, ఒక్కో రంగూ చూసుకుంటూ వస్తోంది.

నేను నంది వెనక దాక్కున్నాను. నంది నా నడుముదాకా కూడా లేదు.

"నాయనా, తల కనపడతాంది. బయటికి రా."

వచ్చాను. "గడప తొక్కలేదత్తమ్మా."

"తొక్కలేదులే. నేను పొద్దున తెల్ల చుక్కలు పెట్టి ముగ్గేస్తే, నువ్వు దాంట్లో నల్ల చుక్కలు పెట్టి పోయినావు."

"అమ్మా, నేనే రమ్మన్యా" అంది సాయిశ్రీ, నా ముందుకొచ్చి.

"నిన్ను అడగలే. ఏం నాయనా, కీడంటే నీకు ఆటగా ఉందా? తగిలేది నాకు కదా?"

అప్పటిదాకా అది నాకు నవ్వులాటే. ఆమెకు కాదు. అమ్మనే పంపమంటుందేమో, శ్రావణం కూడా నాది కాదేమో అని భయపడ్డాను.

"తప్పయింది అత్తమ్మా. తన పుట్టినరోజని..." అన్నాను. చేతులు జోడించబోతే కాలిన వేలు చాపడానికి రాలేదు.

ఆమె చూసింది. "ఏందది?"

"ఆయిల్ మార్చినాడమ్మా, నా కోసం" అంది సాయిశ్రీ. "ఒక్క పనీ సరిగా చేయలే."

ఇలాంటి వకీలు ఉంటే శిక్ష ఖాయం. కానీ మా అత్త నా వేలును అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ మామ ఇన్నేండ్లుగా దేవుళ్ళ కోసం చేతివేళ్ళు నలగ్గొట్టుకుంటాండాడు" అంది. "నా పుట్టినరోజు ఎప్పుడో మాత్రం తెలీదు ఆయప్పకు."

గొడుగు నా చేతికిచ్చింది. "పా. అన్నం తిందువు."

"గడప..."

"లోపలికి రావద్దన్నారు పెద్దోళ్ళు. బయట తినొద్దని ఎవురూ చెప్పలే."

వాకిట్లో చూరు కింద కుర్చీ వేశారు. అత్తమ్మ గడప లోపల నిలబడి ఓళిగలు అందిస్తే, సాయిశ్రీ గడప దాటి తెచ్చి నా ఆకులో వేసింది. నేను తిన్న ఓళిగల కంటే తను దాటిన గడపే ఎక్కువ. దాటిన ప్రతిసారీ కొత్త గాజులు మోగాయి. వీధిలో పోయేవాళ్ళంతా ఆగి చూశారు. మామ అరుగు మీద కూర్చుని, "బండి ఈడనే ఉండనీలే అప్పా. రేపు మెకానిక్కును పిలుస్తా" అని ఒక్క మాటన్నాడు. నవ్వు దాచుకోవడానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

సాయంత్రం బస్సులో పోయాను. బస్టాండు దాకా సాయిశ్రీ వచ్చింది. కిటికీ ఊచ మీద నా చెయ్యి, దాని మీద తన చెయ్యి.

"బస్సులో ప్రేమేముంటాది?" అని అడిగింది.

బస్సు కదిలింది. తను కనపడినంతసేపూ జవాబు చెప్తూనే ఉన్నాను. కండక్టర్ రెండుసార్లు టికెట్ అడిగాడట, పక్కాయన చెప్పాడు.

శ్రావణం వచ్చిన మొదటి శుక్రవారం మళ్ళీ బస్సు దిగాను. అత్తమ్మ హారతి పట్టింది. "కుడికాలు పెట్టు నాయనా" అంది. కుడి ఎడమల్లో నా చరిత్ర తెలుసు కాబట్టి సాయిశ్రీ వేలితో చూపించింది. గడప దాటాను.

బాగైన నా బండి వాకిట్లో నిలబడి ఉంది. దాని కింద ఎందుకైనా మంచిదని ఒక పాత రేకు పళ్ళెం పెట్టి ఉంది. దాని చుట్టూ ముగ్గు కూడా ఉంది.

అమ్మ చింతపండుతో తోమి, పసుపు గుడ్డలో కట్టి పంపిన వాషర్‌ను సాయిశ్రీకి ఇచ్చాను. మెకానిక్ కొత్తది వేశాడు కాబట్టి దానికిప్పుడు పనిలేదు. తను దాన్ని బండి తాళాల గుత్తికి వేసుకుని, నా మొహం ముందు గలగలలాడించింది.

"ఈ ఉంగరం గూడా నాకే దొరికింది సూడు."

బండెక్కి వెనకనుంచి నడుము పట్టుకుంది. నంద్యాల దాకా నేను వెనక్కి తిరిగి రోడ్డు మీద చుక్కలున్నాయేమోనని చూస్తూనే ఉన్నాను. తనను చూడ్డానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు.